పక్కన కూర్చోబెడితే కలిసినట్టేనా?

చెవుడున్న బిడ్డను ఏ బడిలో వేయాలని తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎవర్ని అడిగినా ఇప్పుడు ఒకే జవాబు తయారుగా ఉంటుంది. ఊరి బడిలోనే వేయండి, నలుగురితో కలిస్తే నాలుగు మాటలు అవే వస్తాయి. ప్రత్యేక బడికి పంపారంటే అక్కడ అందరూ చేతులు తిప్పుతుంటారు, మీవాడూ అదే నేర్చుకుంటాడు, ఇక నోరు తెరవడు. ఈ మాట అంగన్‌వాడీలో వినిపిస్తుంది, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరం క్యూలో వినిపిస్తుంది, పెద్ద చదువులు చదివిన డాక్టరు నోటా వినిపిస్తుంది. చెప్పేవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. పైగా దీని వెనక సమ్మిళిత విద్య అనే గౌరవమైన పేరొకటి ఉంది. వేరు చేయడం పాపం, కలపడం పుణ్యం అంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఎవరూ కాదనకపోవడం వల్లే ఈ అభిప్రాయం పరీక్షకు నిలబడకుండానే విధానమైపోయింది.

ఇందులో రెండు నమ్మకాలున్నాయి. వినపడే పిల్లల మధ్య కూర్చుంటే భాష దానంతటదే అబ్బుతుందన్నది ఒకటి. సైగలు నేర్పితే మాట రాదన్నది రెండోది. రెండూ తప్పే. ఎక్కువ హాని చేసేది రెండోది. అయినా మొదటిదాంతోనే మొదలుపెడతాను, ప్రభుత్వ కాగితాల్లో పాతుకుపోయింది అదే గనక.

ముప్ఫై మంది పిల్లలున్న మూడో తరగతి గదిని ఊహించుకోండి. చెవుడున్న పాపకు ముందు బెంచీ ఇచ్చారు. సమ్మిళితం దాంతోనే పూర్తయింది. టీచరమ్మ బోర్డు మీద రాస్తుంది, పాప చూసి రాసుకుంటుంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. తనిఖీకి వచ్చిన సారు నోటుపుస్తకం తిరగేసి భేష్ అంటాడు. అదే పేజీలో ‘ఆవు గడ్డి మేస్తోంది’ అన్న వాక్యం చూపించి, నాలుగు బొమ్మల్లో దానికి సరిపోయేది ఏదో వేలు పెట్టమనండి. పాప మీ ముఖం చూస్తుంది. మీ కళ్లు ఏ బొమ్మ మీద ఆగుతాయో చూసి దాని మీద వేలు పెడుతుంది. మూడేళ్ల బడిలో ఆ బిడ్డ నేర్చుకున్నది పెద్దవాళ్ల ముఖాలు చదవడం. ఆ తెలివికి దండం పెట్టాల్సిందే, కానీ దాన్ని తెలుగు వాచకం రావడం అనలేం.

పెదాలు చూసి అర్థం చేసుకుంటారు కదా అంటారు. అద్దం ముందు నిలబడి గొంతు పైకి రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. కాకి, గాలి లాంటి మాటల్లో మొదటి అక్షరం నోటి వెనక ఎక్కడో పుడుతుంది, బయటికి కనపడనే కనపడదు. డెబ్బై ఏళ్లకు చెవులు మందగించిన తాత పెదాలు చూసి సగమైనా పట్టుకుంటాడంటే ఆయనకు జీవితకాలపు తెలుగు లోపల ఉంది, మిగతా సగం ఊహించుకుంటాడు. పుట్టుచెవుడున్న ఆరేళ్ల బిడ్డకు దేంతో ఊహించమంటారు? ఇక టీచరమ్మ బోర్డు వైపు తిరిగిందా, ఆ కాస్తా పోయినట్టే.

ఆటస్థలంలోనైనా కలుస్తారు కదా అనుకుంటాం. ఒకటో తరగతిలో కలుస్తారు. పరిగెత్తడానికి భాష అక్కర్లేదు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఆటంతా మాటల్లోకి మారుతుంది. ఎవరు ఎవరి జట్టు, నిన్న ఎవరు మోసం చేశారు, ఎవరి మీద చాడీ చెప్పాలి... వీటిలో ఆ పాపకు చోటుండదు. ఎవరూ తరమరు, ఎవరూ పిలవరు. బడి మొత్తంలో తనలాంటి మనిషి ఇంకొకరు లేని పిల్లకు ‘నలుగురితో కలిసిపో’ అని చెప్పడం క్రూరత్వమే.

మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, రిసోర్సు టీచర్లున్నారు, వాళ్లు బడులకు తిరుగుతారు కదా అన్నది అధికారుల సమాధానం. తిరుగుతారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఒకే మనిషి కాళ్లు సచ్చుబడిన బిడ్డనూ, బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డనూ, చూపులేని బిడ్డనూ, చెవుడున్న బిడ్డనూ చూడాలి. వారంలో కొన్ని గంటల్లో అక్కడక్కడా ఒక లెక్కో పాఠమో చెప్పిపోవచ్చునేమో గానీ భాషను ఇచ్చిపోలేరు. భాష పొద్దున లేచిందగ్గర్నుంచి రాత్రి దాకా చుట్టూ ఉండాలి. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న నిష్పత్తి చెప్పింది. ఆ లెక్కైనా, పదిమందీ ఒకచోట ఉన్నప్పుడే ఉపయోగం. పది ఊళ్లలో ఒక్కొక్కరుగా చెదిరి ఉంటే టీచరు జీవితం బస్సుల్లోనే గడిచిపోతుంది.

సమ్మిళిత విద్యకు ప్రమాణమని అందరూ చూపించే పత్రం 1994 నాటి సలమాంకా ప్రకటన. దాన్ని చూపించేవాళ్లలో ఎంతమంది చదివారో నాకు అనుమానమే. దానికి జోడించిన కార్యాచరణ పత్రంలో 21వ పేరా బధిరుల గురించి విడిగా మాట్లాడుతుంది. వాళ్ల భాషా అవసరాలు వేరు కాబట్టి ప్రత్యేక బడుల్లోగానీ, మామూలు బడుల్లో ప్రత్యేక తరగతుల్లోగానీ చదువు చెప్పడం ఎక్కువ తగినది కావచ్చని అందులో ఉంది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణం ఇంకా సూటిగా సంజ్ఞాభాష నేర్చుకునే వీలు కల్పించాలంటుంది, బధిర సమాజపు భాషా అస్తిత్వాన్ని పెంపొందించాలంటుంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో సంజ్ఞాభాష వచ్చిన ఉపాధ్యాయులను, వైకల్యం ఉన్నవారితో సహా, తయారుచేసి నియమించాలని ఉంది. అంటే ముందు బెంచీ ఇచ్చి చేతులు దులుపుకోవడం ఏ చట్టంలోనూ లేదు. అది మనం సొంతంగా కనిపెట్టుకున్న సౌకర్యం.

నలుగురు కలిస్తే భాష వస్తుందన్న మాట ఒక అర్థంలో నిజం. దానికి లోకంలో అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం నికరాగ్వాలో ఉంది. 1970ల చివర్లో అక్కడి మనాగ్వా నగరంలో బధిర పిల్లలను మొదటిసారి పెద్ద సంఖ్యలో ఒక బడికి చేర్చారు. టీచర్లు స్పానిష్ పెదాల కదలికలు నేర్పాలని తంటాలు పడ్డారు, పెద్దగా ఫలితం లేదు. పిల్లలు మాత్రం ఆటస్థలంలో, బడి బస్సుల్లో ఇంటి నుంచి తెచ్చుకున్న సైగలన్నీ కలిపి కొత్త భాషనే పుట్టించారు. తర్వాత వచ్చిన చిన్నపిల్లలు దానికి వ్యాకరణం పదునుపెట్టారు. భాషాశాస్త్రవేత్తలు నికరాగ్వాకు పరిగెత్తి దాన్ని నమోదు చేశారు. కలిసింది నలుగురు బధిర పిల్లలు అన్నదే ఇందులో అసలు విషయం. ఒక్కొక్కరినీ ఒక్కో ఊరి బడిలో ముందు బెంచీ మీద కూర్చోబెట్టి ఉంటే నికరాగ్వాలో ఏమీ పుట్టేది కాదు.

ఇక రెండో నమ్మకం. సైగలు మాటను మింగేస్తాయట. ఈ మాట విజయవాడలోనో రాజమండ్రిలోనో అంటే కొంత అర్థం చేసుకుంటాను, చిత్తూరు సీమలో అంటే మాత్రం నవ్వొస్తుంది. నగరి, సత్యవేడు పిల్లలు ఇంట్లో తమిళం, బజార్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మాట్లాడతారు. కుప్పంలో పక్కింటివాళ్లది కన్నడం. మదనపల్లె సందుల్లో ఉర్దూ. తిరుపతి బస్టాండులో గది చూపించే కుర్రాడు నాలుగు భాషల్లో బేరమాడతాడు. తమిళం వల్ల తెలుగు చెడిపోయిందని ఇక్కడ ఏ తల్లీ డాక్టరు దగ్గరికి పరిగెత్తలేదు. ఒక భాష గట్టిగా వస్తే రెండోది దాని మీద నిలబడుతుందని ఈ ప్రాంతంలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. చెవుడున్న బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ఇంగితమంతా ఎక్కడికి పోతుందో?

పరిశోధన చెప్పేదీ ఇదే. మాంట్రియల్‌లో రేచల్ మేబెరీ బృందం 2002లో నేచర్ పత్రికలో అచ్చువేసిన అధ్యయనం ఉంది. చిన్నతనంలోనే సైగల భాష అందిన బధిరులు, ఆ తర్వాత నేర్చుకున్న ఇంగ్లిష్‌లో, ఇంట్లో వేరే భాష మాట్లాడి పెరిగిన వినపడే వాళ్లతో దాదాపు సమంగా నిలిచారు. బాల్యంలో ఏ భాషా సరిగా అందనివాళ్లు బాగా వెనకబడ్డారు. అంటే చదువుకు అడ్డుపడింది సైగ కాదు, భాష లేకుండా గడిచిన మొదటి ఏళ్లు. ఆ ఏళ్లనే మనం ‘మాట వస్తుందేమో చూద్దాం’ అంటూ ఖర్చుపెడుతున్నాం.

ఈ అపోహకు పుట్టుక కూడా గౌరవప్రదమైనది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగింది. బళ్లలో సైగలు వద్దు, నోటి మాటే ముద్దు అని అక్కడ తీర్మానించారు. ఓటు వేసిన నూటఅరవై పైచిలుకు ప్రతినిధుల్లో బధిరుడు ఒకే ఒక్కరు. ఆ తీర్మానం పట్టుకుని దేశదేశాల్లో బధిర టీచర్లను ఇళ్లకు పంపించారు, సైగ చేసిన పిల్లల చేతుల మీద బెత్తాలు పడ్డాయి. 2010లో వాంకూవర్‌లో అదే మహాసభ వారసులు ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం ప్రకటించారు. మిలాన్ మరిచిపోయినదాన్ని మన ఊళ్ల సలహాదారులు ఇంకా మోస్తున్నారు.

ఎదుటివాళ్ల దగ్గర ఒక బలమైన ఆధారం ఉంది, దాన్ని దాచిపెట్టను. 2017లో పీడియాట్రిక్స్ పత్రికలో ఆన్ గీర్స్ బృందం అచ్చువేసిన అధ్యయనంలో, కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో సైగలు వాడని కుటుంబాల పిల్లలకు మాట ఎక్కువ స్పష్టంగా వచ్చిందని తేలింది. దాని మీద వచ్చిన విమర్శలు కూడా చదవాలి. పూర్తి భాషగా సైగ వచ్చిన ఇళ్లనూ, మాటకు తోడుగా నాలుగు సైగలు వాడిన ఇళ్లనూ అందులో ఒకే గాటన కట్టారు. మాట ఆలస్యమైన పిల్లల ఇళ్లలోనే సైగ ఎక్కువకాలం కొనసాగుతుందన్నది ఇంకో మాట. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఆ లెక్కలో తేలదు. సరే, వాదన కోసం ఆ అధ్యయనం చెప్పిందంతా ఒప్పుకుందాం. అది చెప్పేది ఇంప్లాంట్ బాగా పనిచేసిన, థెరపీ నిరంతరాయంగా దొరికిన అమెరికా పిల్లల గురించి. పుంగనూరు పల్లెలో ఆపరేషన్ అయిన బిడ్డకు ఇంప్లాంట్‌ను సరిచేసే మ్యాపింగ్ కోసం ఎన్నిసార్లు పట్నం పోవాలి? పైన పెట్టే మిషన్ పాడైతే, కేబుల్ తెగితే, బాగుచేయించే ఖర్చు ఎవరిది? చెమటకు తడిసి, బ్యాటరీ లేక, మిషన్ పెట్టెలోనే ఉన్న రోజులు ఆ బిడ్డకు ఏ భాషలో గడవాలి?

టీటీడీ తిరుపతిలో నడిపే ‘శ్రవణం’ను తలచుకోకుండా ఈ మాట ముగించడం న్యాయం కాదు. చంటిపిల్లలతో పాటు తల్లులకూ అక్కడ చోటిచ్చి, చెవి మిషన్ పెట్టి, బిడ్డకు వినడం, మాట్లాడటం ఎలా నేర్పాలో తల్లికే శిక్షణ ఇస్తారు. మంచి పని, ఇంకా విస్తరించాల్సిన పని. మాట వచ్చే అవకాశం ఉన్న ప్రతి బిడ్డకూ మాట రావాలి. కానీ పూచీ ఎవరిస్తారు? పుట్టినప్పుడే చెవుడు పట్టుకుని, ఆరు నెలల్లోపు సాయం మొదలుపెట్టాలని వైద్యులు చెప్తారు. మన పల్లెల్లో రెండు మూడేళ్లు నిండినా ‘వాళ్ల నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడినాడు’ అని ఎదురుచూసే ఇళ్లే ఎక్కువ. అప్పటికి మొదలుపెడితే కొందరికి మాట వస్తుంది, కొందరికి అరకొరగా వస్తుంది, కొందరికి రాదు. మాట బాగా వచ్చిన బిడ్డకు సైగ కూడా వస్తే పోయేదేముంది? మాట రాని బిడ్డకు సైగ కూడా లేకపోతే మిగిలేదేముంది? ఈ రెండు ప్రశ్నలు పక్కపక్కన పెట్టుకుని చూసే ఏ తండ్రీ ‘చేతులు ఆడనివ్వకండి’ అన్న సలహాకు తలూపడు.

మరైతే అందరినీ తిరుపతి ఎస్వీ బధిర పాఠశాలకు పంపమంటావా అని అడుగుతారు. 1970ల నుంచీ టీటీడీ నడుపుతున్న ఆ బడి గురించి జాలిగా మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. చెవుడున్న బిడ్డ మొదటిసారి తనలాంటి వందలమందిని చూసేది అలాంటి చోటే. పెద్ద పిల్లలు చేతులతో కథలు చెప్తుంటే, కొట్లాడుతుంటే, ఎగతాళి చేసుకుంటుంటే, చిన్నవాడికి తన బతుకులో మొదటి సంభాషణ దొరుకుతుంది. దాన్ని ‘వేరుచేయడం’ అనేవాళ్లు ఊరి బడి ముందు బెంచీ మీద ఆ బిడ్డ ఎంత ఒంటరో చూసినవాళ్లు కారు. అయితే ఏ హాస్టలు బడికైనా ఒక ధర ఉంటుంది. ఆరేళ్ల బిడ్డ అమ్మ నుంచి దూరమవుతాడు. బధిర పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది పైగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. అక్కడ బిడ్డకు భాష వస్తుంది, ఇక్కడ తల్లికి రాదు. దసరా సెలవులకు ఇంటికొచ్చిన కొడుకుతో ‘తిన్నావా, పడుకుంటావా’ దాటి ఆ తల్లి ఏమీ అడగలేదు.

ఈ రెండింటి మధ్యా దారి ఉంది, కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో ట్రైపాడ్ అనే కార్యక్రమం 1980ల్లోనే మామూలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో బధిర పిల్లలను గుంపుగా చేర్చింది. ఒక్కో తరగతికి ఇద్దరు టీచర్లు, అందులో ఒకరు బధిర విద్యలో శిక్షణ ఉన్నవారు. వినపడే పిల్లలు కూడా సైగలు నేర్చుకున్నారు. హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయం 2006లో ఇదే పద్ధతి మొదలుపెట్టింది. మామూలు బడిలో, ఒక్కో తరగతిలో ఆరుగురు దాకా బధిర పిల్లలు, ఒక వినపడే టీచరు, ఒక బధిర టీచరు. బధిర టీచరు అన్నచోట మన అధికారుల కనుబొమలు లేస్తాయని తెలుసు. అక్కడి వినపడే పిల్లలకు మాత్రం ఆ టీచరు టీచరే, పాఠం అర్థం కాకపోతే సైగతోనే అడుగుతారు.

తిరుపతిలో ఇది కుదురుతుందా? లెక్క చూద్దాం. పుట్టుకతో చెవుడు ఎక్కువ దేశాల లెక్కల్లో వెయ్యికి ఒకరిద్దరి దాకా ఉంటుంది. మేనరికాలు ఎక్కువైన మన దగ్గర ఇంకొంచెం ఎక్కువే అయినా ఆశ్చర్యం లేదు. నలభై మంది పిల్లలున్న పల్లె బడికి పదేళ్లలో ఒక్క బధిర బిడ్డ కూడా రాకపోవచ్చు. 2011 జనగణనలోనే 2.87 లక్షల జనాభా ఉన్న తిరుపతిలో, ప్రాథమిక వయసు పిల్లలు పాతికవేలు అనుకుంటే, పాతిక నుంచి యాభై మంది బధిర పిల్లలు ఉండాలి. ఒక బడికి సరిపడా గుంపు అది. చిత్తూరు, శ్రీకాళహస్తి, పలమనేరు లాంటి ఊళ్లలో ఇంతకన్నా చిన్న గుంపులు కుదురుతాయి. సాయంత్రం పిల్లలు ఇంటికి పోతారు, వారానికి రెండు సాయంత్రాలు తల్లిదండ్రులు అదే గదిలో సైగలు నేర్చుకుంటారు. ఊళ్లో వసతి లేని మారుమూల పల్లె పిల్లల కోసం ఎస్వీ బధిర పాఠశాల ఎలాగూ ఉంటుంది, ఉండాలి.

పాఠాలెక్కడివి అని అడిగే కాలం పోయింది. ఢిల్లీలోని భారత సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రం 2021లో విడుదల చేసిన నిఘంటువులో పదివేల పదాలున్నాయి. పాఠ్యపుస్తకాలను సంజ్ఞాభాషలోకి తేవడానికి ఆ సంస్థకూ ఎన్‌సీఈఆర్‌టీకీ 2020లోనే ఒప్పందం కుదిరింది. పీఎం ఈ-విద్యలో 31వ ఛానెల్‌ను 2024 డిసెంబరులో సంజ్ఞాభాషకే కేటాయించారు. నాడు-నేడు పథకంలో బడులకు వచ్చిన స్మార్ట్ టీవీలు దేనికి పనికొస్తాయో ఇప్పటికైనా తెలియాలి. ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు కార్డులతో ఎవరి వేగంలో వాళ్లు చదువుకునే పద్ధతిని మదనపల్లె పక్కన రిషివ్యాలీ వాళ్లు ఎప్పుడో తయారుచేసి దేశానికి ఇచ్చారు. కంటితో చదువుకునే పిల్లలకు అంతకన్నా అనువైనది ఏముంటుంది? ఇక భాషల మాటకొస్తే సంస్కృతానికి ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయమే ఉన్న ఊరు తిరుపతి. కుప్పంలో ద్రవిడ భాషలకు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండు జిల్లాల్లో వాడుకలో ఉన్న సైగల మీద ఒక పరిశోధన ప్రాజెక్టు పెట్టడం వాళ్లకు భారమవుతుందా?

టీచర్ల కొరత అంటారా, ఢిల్లీ కేంద్రం బధిరుల కోసమే సంజ్ఞాభాషా బోధనలో డిప్లొమా నడుపుతోంది. చదువుకున్న బధిర యువకులకు పింఛను రాయించి ఊరుకోవడం కన్నా ఆ డిప్లొమాకు పంపించి వెనక్కి తెచ్చుకుంటే, పిల్లలకు టీచరు దొరుకుతుంది, తల్లిదండ్రులకు తమ బిడ్డ పెద్దయితే ఎలా ఉండొచ్చో కళ్లెదుట కనిపిస్తుంది. ఈ విషయం మీద జిల్లా కేంద్రాల్లో జరిగే సమీక్షలకు ఒక్క బధిర వ్యక్తినైనా, పక్కన ఒక దుభాషీనైనా పిలవాలన్న ఆలోచన ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

చివరి అభ్యంతరం వినపడే పిల్లల తల్లిదండ్రులది. మా పిల్లల చదువు కుంటుపడుతుంది అంటారు. గదిలో రెండో టీచరు రావడం వల్ల ఎవరి చదువు కుంటుపడుతుందో వాళ్లే చెప్పాలి. అయినా ఈ భయం నిజమయ్యే మార్గం ఒకటుంది, అధికారులు సరిగ్గా ఆ మార్గమే ఎంచుకుంటారని నా భయం. ఖాళీ గదులున్నాయి కదా అని పిల్లలు లేక మూతపడబోయే బడిని చూపిస్తారు. అక్కడ పెడితే ఏడాదిలో అది ‘చెవిటోళ్ల బడి’ అనిపించుకుంటుంది, మిగిలిన పదిమంది వినపడే పిల్లలూ ప్రైవేటుకు పోతారు, సమ్మిళితం విఫలమైందని ఫైలు మూసేస్తారు. కాబట్టి ఖాళీ బడి వద్దనాలి. జూన్‌లో సీటు కోసం తల్లిదండ్రులు కార్పొరేటర్ సిఫార్సు పట్టుకొచ్చే నగరపాలక ప్రాథమిక పాఠశాల ఏదో తిరుపతి విద్యాశాఖకు బాగా తెలుసు. అడగాల్సింది అక్కడ రెండు గదులు, ప్రతి తరగతిలో ఆరు సీట్లు, ఒక బధిర ఉపాధ్యాయుడి పోస్టు, అది కూడా కాంట్రాక్టు కాకుండా.